హింజ్ విరిగిన లాప్‌టాప్‌కు హనుమకొండలనే మంచి రిపేర్

ముందే చెప్తున్న, హనుమకొండ, వరంగల్, కాజీపేట దిక్కు ఎవరిదన్నా లాప్‌టాప్ హింజ్ (మూతను కింది బాడీకి కలిపే కబ్జా) విరిగితే సికింద్రాబాద్ పోయే ముందు హనుమకొండల నేను చేయించుకున్న ఈ షాపుల ఒకసారి చూపియ్యున్రి. నాది లక్షా ముప్పై వేలు పెట్టి కొన్న లాప్‌టాప్. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుడు నా పని, రంగులు కరెక్ట్‌గ కనవడాలె అని స్క్రీన్ చూసుకుని మరీ తీసుకున్న. ఆ స్క్రీన్‌కు ఇప్పటికీ వంక పెట్టనీకి లేదు, స్పీడ్ కూడా మంచిగనే ఉన్నది, గని అంత మంచి స్క్రీన్‌ను మోసే హింజ్‌ను దేనికి బిగించిన్రు అని చూస్తే మాత్రం కడుపు మండుతది. పైన మూత మొత్తం అల్యూమినియం, చేతులు పెట్టే కాడ అల్యూమినియం, లోపల స్క్రూలు పట్టుకునే కాడ మాత్రం వట్టి ప్లాస్టిక్.

మొదలు తెరిచేటప్పుడు టిక్ అని సప్పుడు వస్తుండె. తర్వాత ఎడమ దిక్కు మూల కాడ స్క్రీన్ చుట్టూ ఉండే పట్టీ లేచుడు షురూ అయింది, గోరు పడేంత సందు, వేలితోని నొక్కితే టక్కున కూసుంటది, మళ్ల తెరిస్తే లేస్తది. ఇగ ఆఖరుకు ఎట్లైందంటే మూత లేపుతుంటే కింది బాడీనే నోరు తెరిచినట్టు విడిపోతుండె, లోపలి బోర్డు కనిపిస్తుండె, ఒక యాంగిల్‌ల పెడితే స్క్రీన్ మీద గీతలు వస్తుండె, జర ముందుకు వంచితే పోతుండె. ఇదంతా సరిగ్గ మాఘమాసం పెళ్లిళ్ల టైముల, స్టుడియో వాళ్లు ఆల్బమ్ ఎప్పుడిస్తవ్ ఎప్పుడిస్తవ్ అని ఫోన్ మీద ఫోన్ కొడుతున్నప్పుడు.

ముందుగాల కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కే పోయిన. పేరు రాయను, ఇది ఒక్క కంపెనీ కథ కాదు కాబట్టి. కౌంటర్ మీద ఉన్న పిల్ల మంచిగనే మాట్లాడింది, ఆమెను ఏమన్న అనేది లేదు. కానీ మూత విప్పకుండనే ఫిజికల్ డ్యామేజ్, అంటే మన చేతులల్లనే విరిగింది, అని రాసిన్రు. వారెంటీ ఉన్నా లేకున్నా హింజ్‌ను గట్లనే రాస్తమని చెప్పిన్రు. నాది అప్పటికే వారెంటీ దాటింది, సరే రేటు చెప్పున్రి అంటే మూత, స్క్రీన్ కలిపి ఒక సెట్టు, కీబోర్డుతోని కలిపి సి ప్యానెల్ (కీబోర్డు చుట్టూ, చేతులు పెట్టే పై భాగం) ఇంకో సెట్టు, మొత్తం ముప్పై ఎనిమిది వేలు! మేడమ్, స్క్రీన్ పని చేస్తున్నది, కీబోర్డు పని చేస్తున్నది, అవి ఎందుకు మార్చుడు అంటే, హింజ్ బిగించే భాగం విడిగ రాదు సార్, సెట్టే వస్తది అన్నది. విరిగింది నాలుగు ఇత్తడి నట్లు కూసునే ప్లాస్టిక్, కొనాల్సింది మంచిగున్న స్క్రీన్, మంచిగున్న కీబోర్డు. మీదికెల్లి లాప్‌టాప్ ఇక్కడ వదిలిపోవాలె, డేటాకు మాది జిమ్మేదారి కాదు అని కాగితం మీద సంతకం అడిగిన్రు. అందుల ఎవరెవరి పెళ్లి ఫోటోలో ఉన్నయి, ఇంకా వాళ్లకు ఇయ్యలేదు. వాపస్ తెచ్చుకున్న.

ఒక స్టుడియో అన్న చెప్తే ఈ షాపుకు వచ్చిన. బయటికి చూస్తే పెద్దగ ఏం కనవడదు, ఒక్క షట్టర్, ముందట ఒక గ్లాస్ కౌంటర్, దాని మీద నీలం రంగు రబ్బర్ మ్యాట్, టేబుల్ లైటు. కానీ షాపు అన్న నా ముందటనే విప్పిండు, నాకు నచ్చిన మొదటి సంగతి అదే. విప్పిన స్క్రూలన్నీ ఒక కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మూలది ఆ మూల కాడ పెట్టుకుంట పోయిండు. ఎందుకన్నా గట్ల అంటే, ఒక్కో కాడ స్క్రూ పొడువు వేరే ఉంటది తమ్మీ, పొట్టిది ఉండే కాడ పొడుగుది బిగిస్తే పైకి పొడుచుకుని వస్తది, లేకపోతే బోర్డుకు తగులుతది అన్నడు.

కింది మూత తీసినంక బ్యాటరీ కనెక్షన్ ముందు తీసిండు, తర్వాత ఎడమ హింజ్ స్క్రూ తిప్పవోతే అది తిరుగుతనే ఉన్నది, ఊడి రాదు. ట్వీజర్‌తోని పట్టి లేపితే స్క్రూ, దాని కింద ఇత్తడి నట్టు, ఆ నట్టుకు అంటుకున్న ప్లాస్టిక్ పెళ్లలు, అన్నీ కలిసి ఒక్క ముక్కగ లేచొచ్చినయి. నా అరచేతిల పెట్టిండు. శనగ గింజంత కూడా లేదు. దాని చుట్టూ గరుకు గీతలు ఉన్నయి, ప్లాస్టిక్ పట్టుకోవాలె అని, ఆ గీతలల్ల ఇంకా నల్లటి పొడి ఇరుక్కుని ఉన్నది. లక్షా ముప్పై వేల వస్తువు ఆగింది దీని మీదనా అని మస్తు బాధైంది.

ఇగ అసలు సంగతి. మనమంతా ఏమనుకుంటం, హింజ్ లూజ్ అయితే పాడైనట్టు, టైట్‌గ ఉంటే మంచిగున్నట్టు. చాన సార్లు ఉల్టా. షాపు అన్న ఆ హింజ్‌ను విడిగ తీసి నా చేతికిచ్చి తిప్పమన్నడు, రెండు చేతులతోని బలం పెడితే గాని కదల్లే. అందుల ఒక ఇరుసు, దాని మీద వరుసగ చిన్న చిన్న వాషర్లు, చివరకు ఒక నట్టు ఉంటయి, ఆ వాషర్ల ఒత్తిడితోనే స్క్రీన్ ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతది. మధ్యల గ్రీజు ఉంటది. ఆ గ్రీజు ఎండిపోయి, దుమ్ము కలిసి, హింజ్ బిగుసుకుపోతది. కబ్జా తుప్పు పట్టి బిగుసుకుపోయిన తలుపును గుంజితే చౌకట్ల స్క్రూలు ఎట్ల ఊడొస్తయో ఇదీ అంతే, హింజ్ తిరగకపోయేసరికి మన చేతి బలమంతా ప్లాస్టిక్ మీద పడుతది. అందుకే విరిగిన కాడ కొత్త ప్లాస్టిక్ పెట్టి, బిగుసుకున్న హింజ్‌ను అట్లనే బిగిస్తే మళ్ల విరుగుతది. కంపెనీ సెట్టు మార్చినా, లోపల బిగించే పద్ధతి అదే ప్లాస్టిక్, అదే నట్టు.

ఈయన చేసింది ఏందంటే, ముందుగాల రెండు హింజ్‌లు తుడిచి కొత్త గ్రీజు పెట్టి, చివరి నట్టు కొద్దికొద్దిగ వదులు చేసుకుంట, రెండూ ఒక్క తీరు తిరిగేదాక చూసుకున్నడు. ఒకటి టైట్ ఒకటి లూజ్ ఉంటే స్క్రీన్ మెలివడుతది, అది ఇంకా డేంజర్. తర్వాత విరిగిన ప్లాస్టిక్ పొడి మొత్తం గీకి, ఆ జాగను సన్న ఆకురాయితోని గరుకు చేసి, స్పిరిట్‌తోని తుడిచి, ఇత్తడి నట్లను వాటి జాగల పెట్టి రెండు ట్యూబుల అరాల్డైట్ కలిపి చుట్టూ నింపిండు. ఇక్కడ ఒక కిటుకు ఉన్నది, స్క్రూలకు ముందే కొంచెం గ్రీజు రాసి, హింజ్‌ను బిగించే ఉంచి మరీ నింపిండు, గట్లైతే గమ్ము ఆరేసరికి నట్లు సరిగ్గ హింజ్ రంధ్రాలకు ఎదురుగ ఉంటయి, మళ్ల స్క్రూ విప్పాలన్నా వస్తది. తెల్లారేదాక ముట్టవద్దు అన్నడు. తొందరగ ఆరేది కూడా ఉంటది గదా అన్న, అది ఉంటది గని దీనికి ఇదే కరెక్ట్ అన్నడు, తొందరవెట్టినా వినలే. నాకు అదే నచ్చింది.

స్క్రీన్ మీద గీతలు ఎందుకొస్తున్నయో కూడా చూపించిండు. డిస్‌ప్లే కేబుల్ ఎడమ హింజ్ పక్కకెల్లే మీదికి పోతది, హింజ్ లేచినప్పుడల్ల దాని కింద నలిగి పైపొర గీసుకుపోయింది. లోపలి వైర్లు తెగలే, నా అదృష్టం. పసుపు రంగు టేపు చుట్టి మళ్ల దాని గాడిల కూసోబెట్టిండు. చాన లాప్‌టాప్‌లల్ల వైఫై ఆంటెన్నా వైర్లు కూడా హింజ్ కాడికెల్లే మీదికి పోతయి, మూల లేచినంక మీకు వైఫై వీక్ అయితే రౌటర్‌ను తిట్టకముందు ఇది చూసుకోవాలె.

రెండు దిక్కులా కలిపి రెండు వేల ఎనిమిది వందలు తీసుకున్నడు. కుడి దిక్కు ఇంకా విరగలే, కానీ చుట్టూ వెంట్రుక మందం పగుళ్లు వచ్చినయి, ఇప్పుడే చేసుకుంటే మంచిది, వద్దంటే నీ ఇష్టం అన్నడు, ఒత్తిడి ఏం చేయలే. ఇప్పుడు ఒక్క చేత్తోని మూత లేపుతే కింది బాడీ కదలదు, మెత్తగ తెరుచుకుంటది, పెట్టిన కాడ ఆగుతది. చేయించి మస్తు రోజులైతున్నది, ఆ సీజన్ ఆల్బమ్‌లన్నీ దీని మీదనే అయినయి, టిక్ అన్న సప్పుడు మళ్ల వినలే.

దయచేసి ఎవరూ ఫెవిక్విక్ అసొంటి గమ్ము పోయవద్దు. ఆ గమ్ము చేసే పనులు వేరే, ఇది వేరే. ఆరినంక పెళుసుగ ఉంటది, మూత తెరిచి మూసే ఒత్తిడికి ఆగదు, నీళ్ల లెక్క పారుతది కాబట్టి హింజ్ ఇరుసులకు పోతే మొత్తం బిగుసుకుపోతది, దాని ఆవిరికి చుట్టూ తెల్లటి పొర పడుతది. కొన్ని కాడ సోల్డరింగ్ ఐరన్‌తోని ప్లాస్టిక్ కరిగించి అతికిస్తరు, చూస్తానికి గట్టిగనే ఉంటది, కరిగిన కాడ ప్లాస్టిక్ బలం పోతది. ఇంకొందరు కింది మూతకెల్లి రంధ్రం కొట్టి బోల్టు వేస్తరు, అది గట్టిగనే ఆగుతది, ప్లాస్టిక్ మొత్తం పోయిన కేసులల్ల ఈ అన్న కూడా అదే చేస్తడట, కానీ బోల్టు తలకాయ బయటికి కనవడుతది, నాకు ఆ అవసరం పడలే.

నేను కూసున్నప్పుడే ఒక ఇంజనీరింగ్ పిల్లగాడు వచ్చిండు, వాని లాప్‌టాప్‌ది కూడా ఇదే బాధ. అన్న మొదలు అడిగింది వారెంటీ ఉన్నదా అని.

“ఇంకా ఉన్నదన్నా, కానీ షోరూమోళ్లు కాదంటున్నరు.”

“ఉంటే నేను స్క్రూ ముట్ట తమ్మీ. నేను విప్పిన్నంటే అదే సాకు చెప్తరు. ఫోటోలు తీయి, కంపెనీకి మెయిల్ పెట్టు, కాదంటే కాగితం మీద కాదనమను. అప్పుడు రా.”

వచ్చిన గిరాకిని వాపస్ పంపిండు. ఇసొంటోళ్లు ఎంత మంది ఉంటరు చెప్పున్రి. దానికి నాకు తెలిసింది కలుపుతున్న, ఎందుకంటే వారెంటీల ఉన్నోళ్లు ఊకనే వదిలేస్తున్నరు. కింద పడిన గుర్తు, దెబ్బ తగిలిన గుర్తు ఎక్కడా లేకుండ హింజ్ కాడనే పగిలితే అది వస్తువు తయారీల లోపమని గట్టిగ అడగొచ్చు. వినకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటరు. అక్కడ కూడా కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ల కేసు వేయొచ్చు, వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయర్ ఉండాలన్న రూల్ లేదు, కేసుకు కారణం పుట్టిన దినం నుంచి 2 ఏండ్ల లోపల వేయాలె. మనం ఉన్న జిల్లాలనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. బిల్లు, ఫోటోలు, వాళ్లు కాదన్న మెయిల్ జాగ్రత్తగ పెట్టుకోవాలె.

షాపుల నాకు నచ్చనియి కూడా రాస్తున్న. బిల్లు అడిగితే చిన్న స్లిప్పు మీద పైసలు రాసిచ్చిండు, ఏం పని చేసిండో అందుల లేదు. మళ్ల ఊడితే తీసుకురా ఊకనే చేస్త అన్నడు గని అది నోటి మాటనే, ఆ ముక్క స్లిప్పు మీద రాసిస్తే గిరాకీకి ధీమా ఉంటది, అన్నా, ఇది చదివితే జర ఆలోచించు. ఫోన్ చేస్తే ఎత్తుడు తక్కువ. బండి పెట్టనీకి జాగ లేదు, సాయంత్రం అయితే ఆ రోడ్డు మీద నిలబడుడే కష్టం. స్క్రీన్ పట్టీ మూల కాడ సన్నటి గీత మిగిలింది, దగ్గరికెల్లి చూస్తే కనవడుతది, అది పోవాలంటే పట్టీ మార్చాలె, ముందే చెప్పిండు కాబట్టి దానికి నేను ఏమనను.

కొత్త లాప్‌టాప్ కొనేటోళ్లు షోరూమ్‌ల ప్రాసెసర్, ర్యామ్ అడిగినట్టే దీన్ని కూడా చూసుకోవాలె. మూత మధ్యల పట్టి మెల్లగ లేపి, లేస్తున్నప్పుడు హింజ్ పక్కన ప్లాస్టిక్ ఉబ్బుతున్నదా, సందు పడుతున్నదా చూడున్రి. మరీ గట్టిగ ఉంటే సేల్స్ పిల్లగాడు క్వాలిటీ సార్ అంటడు, నమ్మవద్దు. ఇంట్ల కూడా ఒక మూల పట్టి లేపవద్దు, బలమంతా ఒక్క హింజ్ మీదనే పడుతది, పిల్లలకు కూడా చెప్పున్రి. టిక్ అన్న సప్పుడు మొదలైతే అప్పుడే తీసుకపోతే గ్రీజు పెట్టి, నట్టు వదులు చేసి పంపిస్తడు, నాలుగైదు వందలల్ల అయిపోతది అని అన్ననే చెప్పిండు.

పోయేటోళ్లు పొద్దుగాల పోవద్దు, పదకొండు దాటితే గాని షట్టర్ తెరవడు, ఆదివారం బంద్. గమ్ము ఆరాలె కాబట్టి ఒక రాత్రి లాప్‌టాప్ అక్కడ ఉంచాల్సి వస్తది, దానికి తయారై, డేటా వేరే హార్డ్‌డిస్క్‌ల ఎక్కించుకుని పోండ్రి, చార్జర్ తీసుకపోండ్రి, ఊడిపోయిన ముక్కలు, స్క్రూలు ఏమన్న ఉంటే పారేయకుండ కవర్‌ల వేసి తీసుకపోండ్రి, ఆ ఇత్తడి నట్లు పోతే సరిగ్గ అదే సైజు దొరుకుడు కష్టమట.