ఇంట్లో ఎస్ప్రెసోకి చేతి గ్రైండర్ సరిపోతుందా? కింగ్రైండర్ కె6తో రెండేళ్ల పైమాట

ఇంట్లో ఎస్ప్రెసో చేసుకుందామని దిగేవాళ్లు ఎక్కువమంది డబ్బంతా మెషీన్ మీద పెట్టేసి, గ్రైండర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగబడతారు. నన్నడిగితే ముందు గ్రైండర్ కొనండి, మిగిలిన డబ్బుతో మెషీన్ చూసుకోండి అంటాను. పొడి సరిగ్గా ఉంటే మామూలు మెషీన్ మీద కూడా మంచి షాట్ (ఒకసారి దించిన ఎస్ప్రెసో) వస్తుంది. పొడి బాగోకపోతే ఎంత ఖరీదైన మెషీన్ ఉన్నా లాభం లేదు. రెండేళ్లకు పైగా దాదాపు రోజూ కె6 తిప్పుతున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఎస్ప్రెసోలో వేడినీళ్లు సుమారు 9 బార్ల ఒత్తిడితో పొడిలోంచి దూసుకొస్తాయి. వాటికి అడ్డుపడేది ఆ పొడి ఒక్కటే. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో రావాలన్నది అందరూ మొదట పట్టుకునే లెక్క. పొడి కాస్త బరకగా ఉంటే పదిహేను సెకన్లకే పలుచగా, పుల్లగా కారిపోతుంది. మరీ మెత్తగా ఉంటే చుక్కచుక్కగా దిగి చేదెక్కుతుంది. మిక్సీ బ్లేడు గింజల్ని నరుకుతుంది కాబట్టి అదే జార్‌లో పలుకులూ ఉంటాయి, దుమ్మూ ఉంటుంది. నీళ్లు పలుకులున్న వైపు దారి చేసుకుని పోతాయి. బర్ గ్రైండర్‌లో గింజ రెండు పళ్ల చక్రాల మధ్య నలుగుతుంది. వాటి మధ్య ఎంత ఖాళీ ఉంటే పొడి ఇంచుమించు అంత సైజులో వస్తుంది.

కె6లో 48 మిల్లీమీటర్ల స్టీల్ కోనికల్ (శంకువు ఆకారపు) బర్ ఉంది. సర్దే రింగు బయటే ఉంటుంది కాబట్టి గింజలు లోపల ఉన్నా తిప్పుకోవచ్చు. ఒక చుట్టుకి 60 క్లిక్‌లు, ఒక్కో క్లిక్‌కి బర్ 16 మైక్రాన్లు కదులుతుంది. ఎస్ప్రెసోకి అసలు కావాల్సింది ఇదే. నా దగ్గర ఒక క్లిక్ మారిస్తే షాట్ మూడు నాలుగు సెకన్లు అటూ ఇటూ అవుతుంది. అంతకుముందు వాడిన సిరామిక్ బర్ గ్రైండర్‌లో (పేరెందుకు లెండి) ఒక మెట్టు మీద మెషీన్ మూసుకుపోయేది, పక్క మెట్టు మీద కాఫీ ధారగా పోయేది. నాకు కావాల్సింది ఆ రెంటి మధ్య ఎక్కడో ఉండేది, అక్కడ ఆగే వీలు లేదు. పైగా ఇరుసు ఊగేది. ఈ గ్రైండర్‌లో ఆ ఊగులాట ఇప్పటికీ లేదు.

నేనుండేది విశాఖలో. ఇంట్లో ఎక్కువగా ఉండేది అరకు అరబికా, మీడియం రోస్ట్. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాఫీ ఇది. తోటలు పక్క కొండల్లోనే ఉన్నాయి కాబట్టి తాజాగా దొరుకుతుంది. నాకు ఇది 38 క్లిక్‌ల దగ్గర కుదురుతుంది, అయితే ఆ అంకె మీకు అలాగే పనికిరాదు. సున్నా (బర్‌లు ఒకదానికొకటి ఆనుకుని రింగు ఇక తిరగని చోటు) ఎక్కడ పెట్టుకున్నారు, బాస్కెట్ (పొడి పోసే చిల్లుల గిన్నె) ఏది, గింజ ఏది అన్నదాన్ని బట్టి మారుతుంది. అదే సంచీలో గింజలైనా రోజులు గడిచేకొద్దీ షాట్ వేగంగా దిగడం మొదలవుతుంది, అప్పుడు ఒకటి రెండు క్లిక్‌లు మెత్తగా చేసుకోవాలి. వేయించిన మూడు నాలుగు రోజులకే వాడితే లోపలి గ్యాస్ వల్ల నురగ పొంగుతుంది కానీ రుచి కుదురుకోదు. నేను పది రోజులు ఆగుతాను. వానాకాలం ఇక్కడ గాలిలో తేమ బాగా ఎక్కువ, ఆ రోజుల్లో నిన్నటి సెట్టింగ్ ఇవాళ పట్టకపోవచ్చు. అందుకే పొద్దున మొదటి షాట్‌ని తూకం మీద పెట్టి టైమ్ చూస్తాను, ఎంతకాలం వాడినా ఈ పని మానలేదు.

అడుగు లేని పోర్టాఫిల్టర్ (బాస్కెట్‌ని పట్టుకుని మెషీన్‌కి బిగించే పిడి) పెట్టుకుంటే పొడి సంగతి కళ్లెదుటే తెలుస్తుంది. ఆరేడు సెకన్లకి బాస్కెట్ అడుగున ముదురు గోధుమరంగు చుక్కలు అంచుల్లో పుడతాయి. అవి మధ్యకి జరిగి ఒకదాంతో ఒకటి కలిసి, ఒకే సన్నటి ధారగా కిందికి దిగుతాయి. ఎక్కడైనా తెల్లటి మచ్చ కనబడి, పక్కకి సన్నగా చిమ్మితే అక్కడ నీళ్లు దారి చేసుకున్నట్టే. దానికి మందు టాంపర్‌తో (పొడిని అదిమే బిళ్లతో) ఇంకా గట్టిగా నొక్కడం కాదు. బాస్కెట్‌లో పోశాక సన్నటి సూదులతో పొడిని అడుగుదాకా కలిపి ఉండలు విడగొట్టాలి. గింజలు గ్రైండర్‌లో వేసే ముందు చెంచా కాడని నీళ్లలో ముంచి ఒక్కసారి కలిపితే పొడి గోడలకి అంటుకోదు.

ఇక చేతి శ్రమ. 18 గ్రాముల మీడియం రోస్ట్‌కి నిమిషం పడుతుంది, డార్క్ రోస్ట్ ఇంకా తేలిగ్గా నలుగుతుంది. లైట్ రోస్ట్ మాత్రం గింజ రాయిలా ఉంటుంది, హ్యాండిల్ మధ్యమధ్యలో పట్టేస్తుంది, భుజం దాకా తెలుస్తుంది. ఏ చేతి గ్రైండర్‌తోనైనా ఇది తప్పదు. గ్రైండర్‌ని కాస్త పక్కకి వంచి తిప్పితే గింజలు కొద్దికొద్దిగా దిగి, పట్టేయడం తగ్గుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, పొద్దున్నే వరసగా నలుగురికి కాఫీ అందించాల్సినవాళ్లు ఎలక్ట్రిక్ గ్రైండర్‌కే వెళ్లడం మంచిది. ఒకరిద్దరు తాగే ఇంటికి ఇది చాలు, చప్పుడూ తక్కువే. మా అమ్మకి ఫిల్టర్ కాఫీ కావాలి. రింగు ఒక చుట్టు దాటించి మరికాస్త తిప్పితే ఆవిడ డికాక్షన్‌కి సరిపోయే పొడి ఇందులోనే వస్తుంది. మళ్లీ నా అంకెకి తిప్పుకోవడం క్షణం పని.

నిర్వహణ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నెలకోసారి విప్పి బ్రష్‌తో దులుపుతాను, నీళ్లు తగలనివ్వను. డార్క్ రోస్ట్ ఎక్కువ వాడితే నూనె పేరుకుంటుంది కాబట్టి ఇంకొంచెం తరచుగా విప్పాలి. తిరిగి బిగించాక సున్నా ఎక్కడుందో ఒకసారి చూసుకోవాలి.

కొనే ముందు మీ మెషీన్‌తో వచ్చిన బాస్కెట్‌ని వెలుతురుకి ఎత్తి చూడండి. అడుగున ఒకే ఒక్క చిల్లి కనబడితే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్. ఒత్తిడి ఆ చిల్లి వల్లే పుడుతుంది, పొడి ఎలా ఉన్నా నురగ వస్తుంది, కాబట్టి ఈ గ్రైండర్ పెట్టినా పెద్ద తేడా కనిపించదు. అడుగంతా సన్నటి చిల్లులుండే మామూలు బాస్కెట్, మీ మెషీన్ సైజుది, 51 మిల్లీమీటర్లయినా 58 అయినా, గ్రైండర్‌తోపాటే తెప్పించుకోండి.