డ్రమ్ము నీళ్లా, వేడినీళ్లు కలపడమా?

విజయనగరంలో మా వెనక గదినిండా చేపల తొట్లే. నీళ్లు మార్చాలంటే రెండు దారులు: ముందురోజే డ్రమ్ములో పట్టి ఉంచడం, లేదా కుళాయి నీళ్లలో అప్పటికప్పుడు వేడినీళ్లు కలపడం.

డ్రమ్ము నీళ్లు తెల్లారేసరికి గది వేడికి వచ్చేస్తాయి. మూత తీసి ఉంచితే క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది. కానీ ధనుర్మాసం చలిలో గది 20 డిగ్రీలకు దిగితే? తొట్టిలో 26 ఉంటుంది, కాబట్టి డ్రమ్ములోనూ హీటర్ తప్పదు.

వేడినీళ్లు కలిపితే పని త్వరగా తెములుతుంది, క్లోరిన్ పోగొట్టే మందు మాత్రం వెయ్యాల్సిందే. చెయ్యి పెట్టి చూస్తే మోసపోతాం. నేనలాగే చల్లటి నీళ్లు పోసేశాను. నాలుగో రోజుకి గప్పీ చేపల తోకల మీద ఉప్పురవ్వల్లా తెల్లమచ్చలు. అప్పట్నుంచి బకెట్లో థర్మామీటర్ పెట్టి, తేడా ఒక డిగ్రీ దాటనివ్వను.

మే నెలలో మేడమీద ట్యాంకు నీళ్లే సలసలమంటాయి. అప్పుడు నా ఓటు డ్రమ్ముకే.