సైటుకో జాడీ: ఫైర్‌ఫాక్స్ కుకీ రక్షణతో మా ఇంటి అనుభవం

విశాఖ అక్కయ్యపాలెంలోని మా ఇంట్లో అందరూ వాడే కంప్యూటరులో కొన్నేళ్లుగా ఫైర్‌ఫాక్స్ బ్రౌజరే ఉంది. వేగం, రూపం వంటి వాటి జోలికి నేను పోను. వాటిలో మిగతా బ్రౌజర్లతో పోలిస్తే నా కంటికి పెద్ద తేడా కనబడలేదు. నేను రాయదలచుకున్నది అందులోని టోటల్ కుకీ ప్రొటెక్షన్ అనే ఒక్క సదుపాయం గురించి మాత్రమే. మనల్ని వెంబడించే ప్రకటనల కుకీల (సైట్లు మన బ్రౌజరులో దాచిపెట్టే చిన్న గుర్తుల) గురించి మామూలు మనిషి కంగారు పడాలా అని ఎవరైనా అడిగితే, మీ ఇంట్లో ఒక కంప్యూటరును ఎంతమంది వాడతారని నేను ఎదురు అడుగుతాను.

అలా అడగడానికి కారణం ఉంది. మా తమ్ముడు, మరదలు సంతానం కోసం వైద్య సలహా తీసుకోవాలనుకుంటున్న రోజులవి. ఆ సంగతి వారిద్దరికీ, నాకూ తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు వారి అనుమతితోనే రాస్తున్నాను. అప్పట్లో మేము వేరే బ్రౌజరు వాడేవాళ్లం. ఒక మధ్యాహ్నం మరదలు హాల్లోని కంప్యూటరులో నగరంలోని ఒక సంతాన సాఫల్య కేంద్రం సైటు తెరిచి, ఐవీఎఫ్ ప్యాకేజీల ధరలు చదువుకుని మూసేసింది. మరునాడు బొబ్బిలి నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నగారు ఎప్పటిలాగే ఒక తెలుగు దినపత్రిక సైటు తెరిచి, అక్షరాలు పెద్దవి చేసుకుని ఆమెకు జిల్లా వార్తలు చదివి వినిపిస్తున్నారు. వార్తకు కుడిపక్కన ఒకసారి, వార్త మధ్యలో మరోసారి ఆ కేంద్రం ప్రకటనే కనిపించింది. పసిపాప పాదాల బొమ్మ, దాని కింద మరదలు ముందురోజు చూసిన ప్యాకేజీ పేరు. అక్షరాలతోపాటు ఆ ప్రకటన కూడా తెరమీద పెద్దదై కూర్చుంది. అత్త కాసేపు దాన్నే చూసి, వంటింట్లో ఉన్న మరదలిని పిలిచి, "ఏటమ్మా, డాక్టరు దగ్గరికి గాని వెళ్తున్నారేటి? నాతో చెప్పకూడదేటి?" అంది. ఆమె ప్రేమతోనే అడిగింది. అయినా మరదలు ఆ సాయంత్రం వరకు గది దాటి బయటకు రాలేదు. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో వారిద్దరూ నిర్ణయించుకోవలసిన విషయాన్ని ఒక ప్రకటన ముందే చెప్పేసింది.

ఆ రాత్రి నేను ప్రకటన మూలనున్న చిన్న గుర్తు నొక్కి చూశాను. ఇంతకుముందు మీరు చూసిన సైట్లను బట్టి దీన్ని చూపుతున్నామన్న వివరణ అక్కడే ఉంది. మూసేయగానే కుకీలు చెరిగిపోయే ప్రైవేటు విండో వాడి ఉండాల్సిందని తరువాత కొందరు సలహా ఇచ్చారు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ జాగ్రత్త గుర్తుపెట్టుకోవలసిన భారం వాడేవారి మీద ఎందుకు పడాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కుకీ వైరస్ కాదు, మన ఫైళ్లు తెరిచి చదవలేదు. 1994లో తొలినాటి బ్రౌజరు సంస్థ నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మాంటుల్లి దాన్ని రూపొందించింది, వచ్చినవారిని సైటు గుర్తుపెట్టుకోవడం కోసమే. చిక్కంతా మూడో మనిషితో వస్తుంది. వైద్య కేంద్రం సైటులోనూ, పత్రిక సైటులోనూ ఒకే ప్రకటన సంస్థ కోడు ఉంటే, మొదటిచోట అది మన బ్రౌజరులో పెట్టిన గుర్తింపు సంఖ్యను రెండోచోట చదువుకోగలదు. టోటల్ కుకీ ప్రొటెక్షన్ ఈ లంకెను తెంచుతుంది. ఒక్కో సైటుకు ఒక్కో జాడీ కేటాయించి, అక్కడ పెట్టిన కుకీని ఆ జాడీలోనే ఉంచుతుంది. పత్రిక సైటులో అదే సంస్థ వచ్చి వెతికితే దానికి వేరే జాడీ దొరుకుతుంది, మనం కొత్తవారిలా కనిపిస్తాం. 2022 జూన్‌లో ఇది అందరికీ దానంతటదే పనిచేసేలా అమరిక మారింది. యాపిల్ బ్రౌజరు సఫారీ 2020 మార్చిలోనే, ఇలా బయటి సంస్థలు పెట్టే మూడో పక్షం కుకీలను పూర్తిగా ఆపేసింది. క్రోమ్‌లో రెండేళ్లలో వాటిని తొలగిస్తామని 2020 జనవరిలో ప్రకటించిన గూగుల్, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జూలైలో ఆ ఆలోచనను విరమించుకుంది. మన దేశంలో ఎక్కువమంది వాడేది క్రోమే కాబట్టి, వారు సెట్టింగులలోకి వెళ్లి స్వయంగా వాటిని ఆపుకోవలసిందే.

బ్రౌజరు మార్చాక నాకు కలిగిన ఆనందం చిన్నది కాదు. ప్రకటనలు రావడం ఆగలేదు, కాని వాటి తీరు మారింది. విశాఖ వార్తల పక్కన ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం దగ్గర ప్లాట్లు, భీమిలి వైపు విల్లాలు కనిపిస్తాయి. అవి మేమున్న ఊరిని బట్టో, చదువుతున్న వార్తను బట్టో వచ్చేవి. ఇంట్లో ఎవరు ఏ జబ్బు గురించి వెతికారో వాటిని చూసి ఎవరూ చెప్పలేరు.

ఆ ఊపులో ఇది పెట్టుకుంటే చాలని తెలిసినవారందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత తగ్గించి చెబుతాను. కొన్ని నెలల తరువాత అలాంటి ప్రకటనే మరదలి ఫోనులో, ఒక సామాజిక మాధ్యమం యాప్‌లో కనిపించింది. యాప్‌లు మనల్ని గుర్తుపట్టడానికి కుకీలు అక్కర్లేదు. వాటికి ఫోనులోని ప్రకటనల ఐడీ, అంటే ఆ ఫోనుకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో దాన్ని తొలగించే వీలుంది, మరదలి ఫోనులో తొలగించాం కూడా. అయితే అపాయింట్‌మెంటు ఫారంలో మనమే ఇచ్చిన ఫోను నంబరును ప్రకటన సంస్థ దగ్గరున్న ఖాతాలతో సరిపోల్చుకునే ఏర్పాటు ఒకటి ఉంది. ఆ పని మన కంప్యూటరు బయట జరుగుతుంది కనుక ఏ బ్రౌజరూ దాన్ని ఆపలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అలాంటిచోట అక్కరకు వస్తుందని నా ఆశ. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినా, సంస్థల ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు.

ఒంటరిగా ఉంటూ, సొంత కంప్యూటరులో చెప్పులు, చీరలు మాత్రమే వెతికేవారికి ఈ కుకీల వల్ల చిరాకు తప్ప పెద్ద నష్టం ఉండకపోవచ్చు. జబ్బు, అప్పు, విడాకులు వంటి విషయాలు వెతకవలసి వచ్చినవారు, నలుగురూ కూర్చునే హాల్లో తెర ఉన్నవారు మాత్రం పట్టించుకోవాలని నేను గట్టిగా అంటాను. మా ఇంట్లో మొదట ఫైర్‌ఫాక్స్‌లోని కఠినమైన స్ట్రిక్ట్ అమరిక పెట్టాను. నాన్నగారు బిల్లు కట్టే ఒక సైటులో బటన్ ఎంత నొక్కినా కదలలేదు. అడ్రస్ బారు పక్కనున్న డాలు గుర్తు నొక్కి, ఆ ఒక్క సైటుకు రక్షణ తీసేస్తే పని జరిగింది. ప్రతిసారీ ఆయన నన్ను పిలవనక్కర లేకుండా ఇప్పుడు ఆయన ప్రొఫైలును మామూలుగా ఉండే స్టాండర్డ్ అమరికలో పెట్టాను. జాడీల ఏర్పాటు అందులోనూ ఉంది కాబట్టి, మా అవసరానికి అది సరిపోతోంది.