మోట్స్-సి, ఎస్ఎస్-31, సాయంత్రం నడక: షుగర్ అంచున ఉన్నవాళ్లకు ఏది మేలు?

"మోట్స్-సి మంచిదా, ఎస్ఎస్-31 మంచిదా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. రెండూ పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సంబంధించినవి, ఇంజెక్షన్‌గా వేసుకునేవి. అడిగేవాళ్లలో జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఉన్నారు, హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6 దాటిందని కంగారుపడుతున్న నలభై ఏళ్లవాళ్లూ ఉన్నారు. నేనూ ఆ రెండో గుంపులోవాణ్నే. పోయిన ఏడాది నాది 6.1 వచ్చింది. అందుకే వీటి గురించి ఊరికే చదవలేదు, నా ఒంట్లోకి ఎక్కించుకోవచ్చా లేదా అని తేల్చుకోవడానికి చదివాను.

రెండింటినీ ఒకే గాటన కట్టి 'మైటోకాండ్రియా పెప్టైడ్లు' అంటున్నారు గానీ, వాటి పుట్టుకే వేరు. మోట్స్-సి మన ఒంట్లోనే తయారవుతుంది. 16 అమైనో ఆమ్లాల ఈ గొలుసుకు మూలం మైటోకాండ్రియా సొంత డీఎన్ఏలోనే ఉందని 2015లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చాంగ్‌హాన్ లీ, పింకాస్ కోహెన్‌ల బృందం బయటపెట్టింది. ఎస్ఎస్-31 ల్యాబులో పుట్టింది. అందులో ఉన్నవి నాలుగే అమైనో ఆమ్లాలు. దాన్ని తయారుచేసిన హేజెల్ సెటో, పీటర్ షిల్లర్ ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఆ 'ఎస్ఎస్'. మందుగా దాని పేరు ఎలామిప్రెటైడ్. మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండే కార్డియోలిపిన్ అనే కొవ్వుకు అతుక్కుని ఆ పొర చెదిరిపోకుండా చూస్తుంది.

ఏది ఎలా పనిచేస్తుందనే వివరాలు ఎంత బాగున్నా, నాకు లెక్కలోకి వచ్చే ప్రశ్న ఒకటే. అది ఎవరి ఒంట్లో రుజువైంది?

మోట్స్-సి విషయంలో జవాబు: చిట్టెలుకల్లో. కొవ్వు తిండి పెట్టిన ఎలుకలకు అది ఇస్తే బరువు పెరగలేదు, ఇన్సులిన్ మొరాయించలేదు. కణంలో ఇంధనం తగ్గినప్పుడు మేలుకొనే ఏఎంపీకే అనే ఎంజైమును అది తట్టి లేపుతుంది. 2021లో అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో అధ్యయనంలో ముసలి ఎలుకలు ట్రెడ్‌మిల్ మీద దాదాపు రెట్టింపు సేపు పరిగెత్తాయి. చదివినప్పుడు నాకూ ఆశ పుట్టింది. కానీ మనుషుల దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉన్నది చాలా తక్కువ. మోట్స్-సిని కొద్దిగా మార్చి సీబీ4211 పేరుతో కోబార్ అనే కంపెనీ ఒక చిన్న ప్రయోగం చేసింది. లివర్‌లో కొవ్వు పట్టిన స్థూలకాయులు 20 మంది, నాలుగు వారాలు. లివర్ ఎంజైములు, గ్లూకోజు తగ్గాయి. లివర్ కొవ్వు మాత్రం ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవాళ్లలోనూ అంతే తగ్గింది. సూది గుచ్చినచోట వచ్చిన ఇబ్బందుల వల్ల ఆ ప్రయోగాన్ని మధ్యలో ఒకసారి ఆపాల్సివచ్చింది కూడా. ఆ తర్వాత కంపెనీ దాన్ని ముందుకు తీసుకుపోలేదు.

ఎస్ఎస్-31 ఈ విషయంలో ఒక మెట్టు పైనే ఉంది. 2025 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి వేగవంతపు ఆమోదం ఇచ్చింది. దేనికి? బార్త్ సిండ్రోమ్‌కి. కార్డియోలిపిన్ సరిగా తయారవక గుండె, కండరాలు బలహీనపడే, ఎక్కువగా మగపిల్లల్లో కనిపించే అతి అరుదైన జన్యువ్యాధి అది. ఆ పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఇది నిజంగా పెద్ద వరం. కానీ ఆ ఆమోదాన్ని చూపించి మన పొట్టకు, మన షుగర్‌కు అమ్మడం న్యాయం కాదు. మైటోకాండ్రియా కండర జబ్బులున్న 218 మందిలో సగం మందికి 24 వారాలు రోజూ 40 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకు ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగంలో, ఆరు నిమిషాల్లో నడిచే దూరం గానీ అలసట గానీ అనుకున్నంత మెరుగుపడలేదు. జబ్బు ఉన్నవాళ్లకే నడక పెరగనప్పుడు, ఆరోగ్యంగా ఉన్నవాడికి స్టామినా పెరుగుతుందని ఏ ధైర్యంతో చెప్పగలం?

కాబట్టి షుగర్ కోసమైతే ఎస్ఎస్-31ని పక్కన పెట్టేయొచ్చు. నా ఆశ మోట్స్-సి మీదే. అయినా ఇంజెక్షన్ వేసుకోలేదు. కారణం ఆ సీసా. ఆన్‌లైన్‌లో దొరికే పొడి మీద 'పరిశోధనకు మాత్రమే' అని రాసి ఉంటుంది. మన దేశంలో అది మందుగా ఆమోదం పొందలేదు. లోపల ఎంత ఉందో, ఎంత శుభ్రంగా ఉందో మన తరఫున చూసేవాళ్లు లేరు. పోటీల్లో పాల్గొనేవాళ్లకు ఇంకో మాట: క్రీడల్లో డోపింగ్‌ను అడ్డుకునే అంతర్జాతీయ సంస్థ 'వాడా' నిషేధిత జాబితాలో మోట్స్-సి ఉంది.

హ్యూమనిన్ అనే ఇంకో మైటోకాండ్రియా పెప్టైడ్ గురించీ అడుగుతున్నారు. 2001లో జపాన్‌లో బయటపడింది, పరిశోధన ఎక్కువగా మెదడు కణాల చుట్టూ నడిచింది. షుగర్ కోసం ఇప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఇక మూడోది, ఎవరూ అడగనిది: నడక, వ్యాయామం. ఆ 2021 అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. ఆరోగ్యవంతులైన యువకుల చేత సైకిల్ తొక్కిస్తే వాళ్ల కండరంలో మోట్స్-సి సుమారు 12 రెట్లు పెరిగింది. నాలుగు గంటలు విశ్రాంతి తీసుకున్నాక కూడా అది ఎక్కువగానే ఉంది. సీసాలో కొనుక్కోవాలనుకున్నదాన్ని ఒళ్లే తయారుచేసుకుంటోంది! ఇక తిండి, నడక మార్చుకుంటే షుగర్ ముప్పు తగ్గుతుందనడానికి మన మనుషుల్లోనే రుజువుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 మందికి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 40 మందికి. ఇది అద్భుతమేమీ కాదు, నిజమే. నడిచినవాళ్లలోనూ చాలామందికి షుగర్ వచ్చింది. కానీ మూడేళ్ల లెక్క, మనలాంటి తిండి, మనలాంటి ఒళ్లు.

నేను ఎంచుకున్నది అదే. రోజూ సాయంత్రం నలభై నిమిషాలు చెమట పట్టేలా నడక, వారానికి రెండు రోజులు బరువులు, రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచడం. మొన్నటి పరీక్షలో 5.8 వచ్చింది. మెట్‌ఫార్మిన్ అవసరమా అన్నది ఆర్నెల్ల తర్వాత చూద్దామన్నారు మా డాక్టరు.

ఇప్పటికే మోట్స్-సి వేసుకుంటున్నవాళ్లు ఈ వారమే ఆ సీసా తీసుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్‌లాంటి మాత్రో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు అసలు ఆలస్యం చేయకండి. షుగర్ ఒక్కసారిగా పడిపోతే, మీరు ఏం వేసుకున్నారో ఇంట్లోవాళ్లకూ తెలియాలి.