న్‌జి ఉచ్చు: జోరీగల మీద కొన్ని వానాకాలాలు వాడి చూశాక

వానలు పడి చెరువులు నిండాక నాగావళి ఒడ్డు పల్లెల్లో గేదె ఒంటి మీద జోరీగ వాలని పగలు ఉండదు. వాటిని పట్టి లెక్కపెట్టడానికి, జాతులు పోల్చుకోవడానికి గుడ్డతో కుట్టే న్‌జి ఉచ్చే మేలని మా తీర్పు. మందకు కాపలాగా పనికొస్తుందనుకుంటే మాత్రం డబ్బు దండగ. సాలలో ఈగ తగ్గదు. ఏ ఈగ, ఎప్పుడు, ఏ దిక్కున ఉందో తెలుస్తుంది, అంతే.

ఇది స్టీవ్ మిహోక్ కెన్యాలో తయారుచేసి 2002లో ప్రచురించిన నమూనా. అక్కడ, ఆఫ్రికాలో రక్తం పీల్చే త్సెత్సే ఈగల కోసం. మనకు త్సెత్సే లేకపోయినా జోరీగలు, పశువుల్ని కుట్టే స్టోమాక్సిస్ ఈగలు రెండూ ఇందులో పడతాయి. మీటరు భుజాల ముక్కోణం, మీటరు ఎత్తు. ముఖం పై సగం నీలం, కింద సగంలో అటూ ఇటూ నీలి పట్టీలు, నడుమ ద్వారం. పక్క గోడలు ముందు అరమీటరు నలుపు, వెనక అరమీటరు తెల్ల దోమతెర. లోపల సగం ఎత్తులో అడ్డంగా ఒక నీలి గుడ్డ. పైన దోమతెర గోపురం, దాని మొనలో సీసా. నీలానికి ఆకర్షితమై వచ్చిన ఈగ కింది ద్వారంలోంచి దూరుతుంది, వెనక తెరలో కనిపించే వెలుగు వైపు పోతుంది, దారి లేక పైకెక్కి సీసాలో పడుతుంది. నలుపు మీటరు, నీలం మీటరున్నర, దోమతెర రెండున్నర మీటర్లు తీసుకుంటే ఊళ్లో ఏ దర్జీ అయినా కుట్టేస్తాడు. మూలలకు మూడు సరుగుడు కర్రలు, గోపురాన్ని లాగి కట్టడానికి ఒక పొడుగు కర్ర చాలు.

అసలు కిటుకంతా నీలి గుడ్డలోనే ఉంది. థాలోసయనిన్ అద్దకం వేసిన నూలు గుడ్డ దొరికితే వదలకండి: ఈగల కంటికి కావలసిన నీలం అదే, ఎండకు త్వరగా వెలవదు కూడా. బజారులో చవగ్గా దొరికే మెరిసే పాలిస్టర్ నీలం మన కంటికి అచ్చం అలాగే ఉంటుంది గానీ అతినీలలోహిత కాంతిని ఎక్కువగా వెనక్కి కొడుతుంది, పడే ఈగలు తగ్గిపోతాయి. ఉతకాల్సి వస్తే ఉత్త నీళ్లే. తెల్లదనం తెచ్చే పొడులు గుడ్డ రంగునే మార్చేస్తాయి. దోమతెరకు పాచి పట్టనివ్వకండి. వెనక వెలుగు తగ్గితే ఈగ పైకెక్కదు, వచ్చిన దారినే పోతుంది. ఉచ్చు పాడైందని తిట్టుకునే సందర్భాల్లో సగం ఈ మురికి తెర వల్లే.

చోటు విషయానికొస్తే, పశువులు నీటికి దిగే బాట పక్కన, చెట్ల వరస ఆగి బయలు మొదలయ్యే అంచున పెట్టండి. ద్వారం బయలు వైపు ఉండాలి, ఉదయం నుంచీ ఎండ తగలాలి. ద్వారం ముందు రెండు మీటర్ల మేర గడ్డి కోసెయ్యాలి. గోగు ఊరవేసే మడుగుల చుట్టూ, వరి మళ్ల గట్ల వెంట బాగా పడతాయి. జోరీగ తడి నేల మీదికి వంగిన ఆకులకు గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆ బురదలోనే పెరుగుతాయి. స్టోమాక్సిస్ కోసమైతే సాల దగ్గర, పేడతో కలిసి కుళ్లే గడ్డి కుప్పల పక్కన పెట్టాలి.

ఎరకు ఆవు మూత్రం చాలు. మూత బిగించి రెండు మూడు వారాలు మాగనిచ్చి, మూతకు చిన్న బెజ్జం పెట్టి ఉచ్చు వెనక ఉంచండి. పశువుల ఊపిరిలో ఉండే వాసన రసాయనం ఆక్టినాల్ కలిపితే ఇంకా పడతాయి. అది ఇక్కడి కొట్లలో దొరికే సరుకు కాదు.

ఇక చికాకులు. మొదటిది చీమలు: సాయంత్రానికి సీసాలో రెక్కలు మాత్రమే మిగులుతాయి. కర్రలకు గ్రీజు పూయాలి, గుడ్డకు తగిలే ప్రతి గడ్డిపోచనూ తుంచాలి. ఒక్కటి మిగిలినా వాటికి వంతెనే. ద్వారంలో సాలీడు గూడు కడితే ఆ రోజు పట్టు పోయినట్టే. గేదెలు కర్రలకు ఒళ్లు రుద్దుకుని మొత్తం కూలదోస్తాయి, కాబట్టి చుట్టూ తాడు కంచె తప్పదు. తీరంలో, ముఖ్యంగా ఉద్దానం వైపు, అక్టోబరు గాలులకు గోపురం వాలిపోతుంది. తుపాను హెచ్చరిక వస్తే విప్పి ఇంట్లో పెట్టడమే. సీసా అడుగున సూది బెజ్జాలు లేకపోతే వాన నీటిలో ఈగలు కుళ్లుతాయి.

నల్ల బంతి వేలాడదీసే మానిటోబా ఉచ్చు జోరీగలకు మంచిదే, కుట్టు పని కూడా తక్కువ. కానీ బంతి ఎండకు కాగాలి. మబ్బు పట్టిన శ్రావణంలో చేతులెత్తేస్తుంది. స్టోమాక్సిస్ దానికి దాదాపు పడదు.

లెక్కల విషయంలో ఒక జాగ్రత్త. రెండు ఉచ్చుల్ని పోల్చాలంటే రోజూ వాటి చోట్లు మార్చుతూ పోవాలి. ఉచ్చుల మధ్య తేడా కంటే చోటుకూ చోటుకూ ఉండే తేడా పెద్దది. పడే జోరీగలు దాదాపు అన్నీ ఆకలి మీదున్న ఆడవే కాబట్టి సీసాలోని సంఖ్యను ఊరి ఈగల సంఖ్యగా రాసుకోకూడదు. ఈ ఈగల ద్వారా పశువులకు సోకే సర్రా జబ్బు పరాన్నజీవి కోసం పరీక్షించాలనుకుంటే సీసాను ఏ రోజుకారోజు ఖాళీ చేసి, ఈగల్ని 95 శాతం ఆల్కహాల్‌లో వెయ్యాలి. ఎండలో ఒక రోజు ఉంటే డీఎన్ఏ పాడైపోతుంది.

జాతి గుర్తింపుకు మాత్రం ఆల్కహాల్ వద్దు, ఒంటి మీది పొడిలాంటి చారలు పోతాయి. ఫ్రీజరులో చంపి, రొమ్ములో నడిమి గీతకు కాస్త కుడి పక్కన సూది గుచ్చి ఆరబెట్టాలి. జోరీగల్లో రెక్కల మీద నల్ల పట్టీ ఉంటే క్రైసాప్స్; మచ్చల రెక్కల్ని ఇంటి కప్పులా వీపు మీద వాల్చుకుంటే హెమటోపోటా; పెద్ద ఒళ్లు, చాలావరకు తేట రెక్కలు ఉంటే టబానస్. కళ్ల మీది రంగు చారలు ఎండితే మాయమవుతాయి. మూత పెట్టిన డబ్బాలో తడి దూదితో కాసేపు ఉంచితే తిరిగి కనిపిస్తాయి, అప్పుడే ఫొటో తీసుకోండి.

గొర్రెలకు నీలి నాలుక రోగం తెచ్చే క్యూలికాయిడ్స్ అనే నలుసంత ఈగలు ఈ ఉచ్చులో నిలవవు, దోమతెర కంతల్లోంచే దాటిపోతాయి. అవి రాత్రివేళ తిరిగేవి. వాటికి అతినీలలోహిత దీపం, ఫ్యాను ఉన్న ఉచ్చు వేరే పెట్టుకోవాలి.