సీపీఎస్: టీచరు జీతంలో పది శాతానికి దక్కేదేమిటి?

2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరిన ప్రభుత్వ టీచరుకు, ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా, సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం చెరికొంత జమ చేసే కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) ఖాతా తప్పనిసరి. వద్దనే వీలు లేదు. అలాంటప్పుడు అది ఏమిస్తుందో, ఎక్కడ మొరాయిస్తుందో తెలుసుకుని వాడుకోవాలి.

బేసిక్, డీఏ కలిపి 10 శాతం నెలనెలా కోత పడుతుంది, ప్రభుత్వం అంతే కలపాలి. బేసిక్ 50,000, డీఏ 30 శాతం అనుకుంటే టీచరుది 6,500, సర్కారుది 6,500. కేంద్రం తన ఉద్యోగుల విషయంలో 2019 ఏప్రిల్ నుంచి తన వాటాను 14 శాతం చేసింది.

మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. నిర్వహణ ఖర్చు చాలా తక్కువ. డబ్బు ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ, యూటీఐ పెన్షన్ ఫండ్లకు వెళ్తుంది, డిఫాల్ట్ పద్ధతిలో (మీరు వేరేది ఎంచుకోకపోతే) షేర్లలో పెట్టేదానికి పరిమితి ఉంటుంది. పన్ను దగ్గరా మేలే: ప్రభుత్వ వాటాకు 80సీసీడీ(2) కింద మినహాయింపు కొత్త పన్ను విధానంలోనూ దొరుకుతుంది. అయితే ఆ వాటాను ముందు ఆదాయంలో కలిపి, ఆ తర్వాత తీసేయాలి. కలిపాక తీసేయడం మరిస్తే పన్ను ఎక్కువ కడతారు, కలపకుండా తీసేస్తే నోటీసు రావచ్చు. ఫారం-16లో రెండు చోట్లా ఆ అంకె ఉందో లేదో చూసుకోండి.

అసలు చిక్కు జమ దగ్గర. డీడీవో, అంటే జీతాలు డ్రా చేసే అధికారి (ప్రాథమిక పాఠశాలలకు ఎంఈవో, హైస్కూలుకు హెచ్‌ఎం), జీతాల బిల్లు పెడతారు. ట్రెజరీ వైపు నుంచి చందాల ఫైలు సీఆర్‌ఏకి (ఖాతాల లెక్కలు ఉంచే సంస్థకు) అప్‌లోడ్ కావాలి, డబ్బు ట్రస్టీ బ్యాంకుకు (పథకం సొమ్ము అందుకునే బ్యాంకుకు) చేరాలి. ఈ రెండూ రూపాయితో సహా సరిపోలితేనే మీ పేరున పెన్షన్ ఫండ్ యూనిట్లు కొంటారు. ప్రాన్ (మీ పెన్షన్ ఖాతా) నంబరులో ఒక అంకె తప్పినా, డబ్బు ఆలస్యమైనా పే స్లిప్పులో కోత కనిపిస్తుంది, ఖాతాలో యూనిట్లు కనిపించవు. ఆ మధ్య కాలానికి ఆ సొమ్ము మీద రాబడి ఉండదు. పదేళ్ల కిందటి 13,000 ఇప్పుడు జమ చేస్తే పోయిన పదేళ్ల పెరుగుదల తిరిగి రాదు.

కాబట్టి ఏడాదికోసారి, ఏప్రిల్‌లో, సీఆర్‌ఏ వెబ్‌సైట్‌లో ప్రాన్‌తో లాగిన్ అయి ట్రాన్సాక్షన్ స్టేట్‌మెంట్ తీయండి. పక్కన పన్నెండు పే స్లిప్పులు పెట్టుకోండి. స్టేట్‌మెంట్‌లో ఏ నెల చందానో రాసి ఉంటుంది. జమ తేదీని కాదు, ఆ నెలనే చూడాలి. మీ వాటా, ప్రభుత్వ వాటా వేర్వేరు గడుల్లో ఉంటాయి, ఒకటి పడి రెండోది పడకపోవచ్చు. లేని నెలలకు ట్రెజరీ బిల్లు టోకెన్ నంబరు, బిల్లు తేదీతో మిస్సింగ్ క్రెడిట్స్ పట్టిక రాసి డీడీవో ద్వారా ట్రెజరీకి పంపండి. నోటిమాటగా చెబితే పని కాదు. డీఏ బకాయిల్లో 10 శాతం ప్రాన్‌కు, 90 శాతం నగదుగా రావాలి. ఎక్కువగా తప్పిపోయేవి ఇవే.

ఇక విలువ సంగతి. చివరికి చేతికొచ్చేది మొత్తంలో 60 శాతం వరకూ, కనీసం 40 శాతంతో యాన్యుటీ (బీమా సంస్థ నెలనెలా ఇచ్చే పెన్షన్) కొనాలి. 40 లక్షల నిధి ఉందనుకోండి. 16 లక్షలు యాన్యుటీకి వెళ్తాయి, 6.5 శాతం రేటైతే నెలకు దాదాపు 8,670. మామూలు యాన్యుటీ అయితే అది పెరగదు. అదే టీచరు చివరి బేసిక్ 80,000 అయి పాత పెన్షన్‌లో (అంతకుముందు చేరినవాళ్లకు ఉన్నదాంట్లో) పూర్తి సర్వీసు ఉంటే బేసిక్‌లో సగం, నెలకు 40,000, ఆపైన డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం). చేతికొచ్చిన 24 లక్షలు లెక్కలో వేసుకున్నా ఈ దూరం పూడదు. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదని, చేసిన సేవకు ప్రతిఫలమని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఆ కొలతతో చూస్తే ఇది పెన్షన్ కాదు, పొదుపు పథకం.

డీఎస్సీ-2003 (ఆ ఏటి టీచరు నియామకాల) వాళ్లకు జరిగింది మరీ అన్యాయం. నోటిఫికేషన్ 2003లో వచ్చింది, పోస్టింగులు ఇచ్చేసరికి 2004 సెప్టెంబరు దాటింది. ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం టీచర్లది. ఆంధ్రప్రదేశ్ 2023లో తెచ్చిన గ్యారంటీ పెన్షన్ చట్టం చివరి బేసిక్‌లో 50 శాతానికి హామీ ఇస్తానంది. అంటే సీపీఎస్ ఒక్కటే చాలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

పెళ్లికి ముందు చేరినవాళ్లు నామినీగా అమ్మానాన్నల పేర్లే ఉంచేస్తారు, ఎస్-2 ఫారంతో మార్చుకోండి. బదిలీ అయితే ప్రాన్ కొత్త డీడీవో కిందికి మారిందో లేదో చూడండి, లేకపోతే విత్‌డ్రాయల్ దరఖాస్తు పాత డీడీవో లాగిన్‌లోనే ఆగిపోతుంది. ఉద్యోగంలో ఉండగా తీసుకోగలిగేది మీ సొంత చందాలో 25 శాతం వరకే, ప్రభుత్వ వాటా, రాబడి ఇందులోకి రావు. యాన్యుటీ ఎంచుకునేటప్పుడు కొన్న ధర వారసులకు తిరిగొచ్చే రకానికి నెలసరి తక్కువ, తిరిగిరాని రకానికి ఎక్కువ. ఇల్లు నడవడానికి వేరే ఆదాయం లేని దంపతులు ఇద్దరి జీవితకాలానికీ వచ్చే రెండో రకాన్ని కూడా రేటు అడిగి చూడాలి. ఒకసారి కొన్నాక మామూలుగా మార్చుకునే వీలుండదు.