సీహార్స్ కొనేముందు అది మైసిస్ రొయ్య తినడం మీ కళ్లతో చూడండి

డాలస్ చుట్టుపక్కల ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న మనవాళ్లు దయచేసి ఇది చదవండి. జూన్‌లో ఇక్కడి ఒక షాపులో రెండు సీహార్స్‌లు (గుర్రం తలలాంటి తల ఉండే చిన్న సముద్రపు చేపలు) కొన్నాను. జత 190 డాలర్లు. మగది పిల్లల్ని కంటుందని మా పాప స్కూలంతా చెప్పుకుంది. పన్నెండు రోజుల్లో రెండూ చనిపోయాయి, అదీ ఆకలితో.

"ట్యాంక్ రెయిజ్డ్, ఫ్రోజెన్ ఫుడ్ తింటాయి" అన్నాడు షాపతను. క్యాప్టివ్ బ్రెడ్ అన్నా అదే కదా అనుకున్నాను. కాదు. క్యాప్టివ్ బ్రెడ్ అంటే పెంపకంలోనే పుట్టి, చిన్నప్పటి నుంచే ఫ్రోజెన్ మైసిస్ రొయ్యలకు అలవాటుపడ్డవి. ట్యాంక్ రెయిజ్డ్ అనే మాటకు అలాంటి గట్టి అర్థం లేదు. సముద్రంలో పట్టుకొచ్చి కొన్నాళ్లు తొట్టెలో ఉంచినవాటిని కూడా ఆ పేరుతో అమ్మేస్తారు. షాపులో అవి తింటుంటే చూశాను, నిజమే. కానీ అక్కడ వేసింది ప్రాణంతో ఉన్న బ్రైన్ ష్రింప్ అనే బుల్లి ఉప్పునీటి జీవులు.

ఇంట్లో మైసిస్ కరిగించి, డ్రాపర్‌తో సరిగ్గా మూతి ముందు వదిలేదాన్ని. ఆడది ఒక కన్ను రొయ్య వైపు తిప్పేది, రెండో కన్ను నా మీదే. మూతి తాకేంత దగ్గరికి తెచ్చి అలాగే ఆగేది. రొయ్య కదలదు కదా, మెల్లగా తోక విప్పుకుని పక్కకు వెళ్లిపోయేది. ఐదో రోజుకల్లా పొట్ట లోపలికి పీక్కుపోయి, ఒంటి మీద ఎముకల గళ్లు లెక్కపెట్టేలా తేలాయి. బ్రైన్ ష్రింప్ గుడ్లు తెచ్చి పొదిగించాను. అవి తిన్నాయి గానీ, విడిగా పోషకాలు పట్టించకపోతే వాటిలో బలం ఉండదు.

వీటికి జీర్ణాశయం ఉండదు. తిన్నది పేగులోంచి తొందరగా బయటికి పోతుంది. అందుకే రోజుకు రెండు మూడుసార్లు పెట్టాలి, పస్తులు అసలు తట్టుకోలేవు. ఇది తెలిసిన షాపతను "క్లౌన్ ఫిష్ ఉన్న ట్యాంకులోనే వేసేయండి" అని ఎలా చెప్పాడో నాకిప్పటికీ కోపంగానే ఉంది. క్లౌన్ ఫిష్ ఒక్క ఉరుకులో తిండంతా లాగేసుకుంటాయి. పైగా మా ట్యాంకు 78 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉండేది. సీహార్స్‌లకు 74 దాటకూడదు, వేడి నీళ్లలో వీటికి జబ్బు చేసే విబ్రియో బ్యాక్టీరియా విజృంభిస్తుంది. టెక్సస్ ఎండల్లో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుండా ఆ చల్లదనం నిలవడం కష్టం.

కాబట్టి షాపులో మీ ముందే ఫ్రోజెన్ మైసిస్ వేయమనండి. గబుక్కున పీల్చుకుంటే తెలిసిపోతుంది, చిన్నగా టిక్కుమని చప్పుడు కూడా వస్తుంది. "ఇందాకే తిన్నాయి" అంటే ఇంకో రోజు వెళ్లండి. ఎక్కడ పుట్టాయో, ఎవరు పెంచారో అడగండి. జతకు కనీసం 30 గ్యాలన్ల ఎత్తైన ట్యాంకు విడిగా పెట్టి, నీళ్లలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చి నిలిచేదాకా, అంటే నెలా నెలన్నర ఆగండి.

మా తమ్ముడు ఫోన్ చేసి, హైదరాబాద్‌లో దొరుకుతాయా అక్కా అని అడిగాడు. ఆ ఆలోచనే వద్దన్నాను. 2001లోనే వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, పులి ఉన్నది కూడా అందులోనే. అక్కడ ఎవరైనా గుట్టుగా అమ్ముతున్నా కొనొద్దు, కేసు మీ మీదికి వస్తుంది.

షాపువాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వలేదు, ప్రాణం ఉన్నవాటికి రిటర్న్ లేదన్నారు. ఇప్పుడు విడిగా ఒక ట్యాంకు 72 డిగ్రీల్లో నడుపుతున్నాను. సొంతంగా సీహార్స్ పిల్లల్ని పెంచే ఒకాయనతో మాట్లాడాను. నాకివ్వబోయే జతే మైసిస్ తింటున్న వీడియో పంపమన్నాను. అది చూశాకే అడ్వాన్స్ ఇస్తాను.